శభాష్ అనని కొక్కెం

నమోదు 1

పాఠాలకు కృత్యాలు ఎంపిక చేసేవాళ్ళు చిట్టా రాయాలని నిబంధన. ఏది తీసుకున్నాం, ఏది వదిలేశాం, ఎందుకు. నాకు ముందు ఈ ఉద్యోగంలో ఉన్నాయన ప్రతి నమోదులోనూ ‘బాగుంది కనుక తీసుకున్నాను’ అని రాసి హాయిగా పదవీ విరమణ చేశాడు. నేను అంత క్లుప్తంగా రాయలేను. పిలిస్తే పలకదు, పలికితే ఆపదు అని మా అమ్మ నా గురించి అంటూ ఉండేది.

ఈసారి పాఠం కొక్కెం విప్పడం. మా తేలూరు సముద్రం మీద పరిచిన తేలే దిమ్మెల ఊరు. మామూలు రోజుల్లో దిమ్మెలన్నీ కొక్కేలతో ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. పిల్లలు ఒక దిమ్మె మీంచి ఇంకోదాని మీదికి పరుగెత్తుతుంటారు. తుఫాను వస్తే మాత్రం విప్పేయాలి. విడివిడిగా ఉంటే ఏ దిమ్మెకా దిమ్మె తన లంగరు మీద అలతోపాటు లేచి పడుతుంది. కలిసి ఉంటే ఒకదాన్నొకటి చీల్చుకుంటాయి. నిరుటిదాకా ఈ పని మోటార్లు చేసేవి. వాటిని ఉప్పు తినేసింది. ఇక చేత్తోనే విప్పుకోవాలని ఊరి సభ తీర్మానించింది. ప్రతి కొక్కేనికీ రెండు మీటలు, ఈ దిమ్మె అంచున ఒకటి, ఆ దిమ్మె అంచున ఒకటి. ఎదురెదురు ఇళ్ళవాళ్ళు ఇద్దరూ ఒక్కసారే లాగాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే కొక్కెం ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు రెండు మీటలూ పైకెత్తి మళ్ళీ మొదలుపెట్టాలి.

సారథి అని మా కార్యాలయంలో పాఠాలు తయారుచేసే యంత్రం ఉంది. కాఫీ అని మేం మర్యాదగా పిలుచుకునే నాచు కషాయం నేను కలుపుకునేలోపు అది నలభై కృత్యాలు తయారుచేసి వరసగా పెట్టింది. తయారుచేయడం ఇప్పుడు ఎవరికీ కష్టం కాదు. ఎంచుకోవడమే కష్టం. అందుకే ఆ ఒక్క పనీ మనుషులకు వదిలేశారు.

మా శిక్షణాధికారి చిదంబరం గారు చాలా మంచివారు. ఎవరైనా పరీక్ష తప్పితే ఆయన అన్నం తినలేరు.

“అమ్మా సుభాషిణీ, నేర్చుకునేవాళ్ళు నవ్వుతూ రావాలి, నవ్వుతూ పోవాలి” అన్నారు.

“మధ్యలో నేర్చుకోవాలా సార్?”

“అదీ జరిగితే మంచిదే.”

మూడు తీసుకున్నాను. ఒకటి, కొక్కెం భాగాలను పేర్లతో జతపరచడం. రెండు, చిన్న కథ చెప్పి మధ్యలో ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగడం. మూడు, పీత ఆట. ఇంటింటికీ ఇచ్చిన తెర పలక మీద గాలి వీస్తుంది, ఒక కొక్కెం కనిపిస్తుంది, వేలితో కిందికి లాగాలి. లాగగానే ఎర్ర పీత ఒకటి రెండు డెక్కలూ పైకెత్తి “శభాష్!” అంటుంది, నక్షత్రాలు పేలతాయి. నేనే ఆరుసార్లు ఆడాను. బాగుంది కనుక తీసుకున్నాను.

నమోదు 2

ఊరంతా పాఠం పూర్తిచేసింది. అందరూ ఉత్తీర్ణులే. చిదంబరం గారు కార్యాలయంలో మిఠాయి పంచారు.

ఊరి మొత్తానికి మొదటి స్థానం మా మూడో దిమ్మె వరాలమ్మ గారిది. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది, రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతుంది. పచ్చడి జాడీకి ఒక పక్క ఆనించి పెట్టుకున్న పలక మీద పీత రోజంతా శభాష్ అంటూనే ఉంది. ఆవిడ నక్షత్రాలు లెక్కపెట్టలేక సారథి ‘అనేకం’ అని రాసి ఊరుకుంది.

కథ కృత్యం దగ్గర మాత్రం చిన్న గొడవైంది. ‘గాలి పెరుగుతోంది. మీరేం చేస్తారు? అ) మీట దగ్గరికి వెళ్తాను. ఆ) టీ పెడతాను.’

వరాలమ్మ గారు పలక పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. “ఏవమ్మా, టీ పెట్టుకుని ఎల్తాను అని లేదేటి ఇందులో? రెండిటికీ పోటీ ఎందుకెట్టేరు? వణికే సేతుల్తో మీట లాగితే నీకు బాగుంటాదా?”

ఆలోచిస్తే ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. ఇ) అని ఇంకో జవాబు చేర్చాను.

నమోదు 3

ఈ ఉదయం ఊరంతటికీ అసలు మీటల మీద అభ్యాసం పెట్టాం. చిదంబరం గారూ నేనూ అధికారులం కనుక మెడలో ఈలలు వేసుకుని పర్యవేక్షించాం.

ఏం జరిగిందో రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ రాయాలి. ఈల వేశాం. జనం మీటలు లాగారు. లాగి, ఆగారు. దేనికోసం ఆగారో మొదట నాకు అర్థం కాలేదు. తరవాత వరాలమ్మ గారి గొంతు వినబడింది.

“ఏదీ? అనదేం?”

శభాష్ కోసం చూస్తున్నారు! ఇనుప మీట శభాష్ అనదు కదా. అనకపోయేసరికి తప్పు లాగామేమో అనుకుని సగంమంది మళ్ళీ పైకెత్తేశారు. పలక మీద ఒంటరిగా ఆడినవాళ్ళకు ఎదుటి అంచున ఇంకో మనిషి ఉండాలన్న సంగతే తట్టలేదు. కొందరు ఎదుటివాళ్ళు వచ్చేలోపే లాగేసి, చేతులు దులుపుకుని ఇంటికెళ్ళిపోయారు.

ఒక్క కొక్కెమూ సరిగ్గా ఊడలేదు.

అన్నిటికన్నా గట్టిగా బిగుసుకున్నది వరాలమ్మ గారిదే. ఆవిడకు ఎదుటి మీట నాలుగో దిమ్మె నూకరత్నం గారిది. ఇద్దరూ వియ్యపురాళ్ళు. వరాలమ్మ గారి అబ్బాయికి నూకరత్నం గారి అమ్మాయినిచ్చారు. పెళ్ళిలో బూందీ లడ్డు కొరికి, “వదినగారూ, ఇది తినడానికా, లంగరుకి కట్టడానికా?” అని వరాలమ్మ గారు అన్న దగ్గర్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యన ఉన్నది రెండు బారల నీళ్ళే. ఆ నీళ్ళ మీది చెక్క దాటి మనవడు రోజుకు పదిసార్లు అటూ ఇటూ తిరుగుతాడు. వీళ్ళ మాట మాత్రం దాటదు.

“మొదటి అభ్యాసం కదా” అన్నారు చిదంబరం గారు, ఈల జేబులో పెట్టుకుంటూ. ఆయన మొహం మాత్రం పాలిపోయి ఉంది. ఆకాశం దక్షిణాన అప్పుడే మసకబారుతోంది.

నమోదు 4

సారథిని కొత్త కృత్యాలు అడిగాను. మరో నలభై ఇచ్చింది. తాబేలు ఆట, డాల్ఫిన్ ఆట, మాట్లాడే కొక్కెం. అన్నీ ఒక్క మనిషి కూర్చుని ఆడేవే, అన్నిట్లోనూ ఎవరో ఒకరు శభాష్ అనేవాళ్ళే.

“ఇద్దరు కలిసి చేసేది కావాలి. ఎవరి పలకలో వాళ్ళకు సగమే కనిపించాలి” అన్నాను.

“అటువంటి కృత్యాలలో పూర్తిచేసేవారి శాతం బాగా పడిపోతుంది. అభ్యాసకుల సంతృప్తి కూడా” అంది సారథి. మర్యాదగానే అంది. దానికి మర్యాద ఎక్కువ.

“గాలిహోరు పెట్టు. మాట వినబడకూడదు. చేతి సంజ్ఞలే ఉండాలి.”

ఎదుటివాళ్ళ చేతులు పలకలో కనిపించేలా నాలుగు సంజ్ఞలు పెట్టుకున్నాం. రెండు చేతులూ ఎత్తితే సిద్ధం. అరచెయ్యి చూపిస్తే ఆగు. పిడికిలి కిందికి దించితే లాగు. చెయ్యి గిరగిరా తిప్పితే మళ్ళీ మొదటినుంచి. పీత లేదు, నక్షత్రాలు లేవు. కొక్కెం ఊడితే ఊడిన చప్పుడు వస్తుంది, అంతే. ఊడకపోతే ఇద్దరి చేతులూ పక్కపక్కన తిరిగి కనిపిస్తాయి, ఎవరు ముందు లాగారో, ఎవరు వెనక లాగారో.

చిదంబరం గారు చూసి కుర్చీలో వెనక్కి వాలారు. “ఇదేంటమ్మా, తప్పు చేసినవాడికి తన తప్పు మళ్ళీ చూపిస్తావా? పైగా పక్కవాళ్ళ ముందు?”

“అదే సార్ పాఠం.”

“జనం పలకలు సముద్రంలో పారేస్తారు.”

“శభాష్ వినబడలేదని మీటలు మళ్ళీ పైకెత్తారు సార్. మీరూ చూశారు.”

చివరికి ఒప్పందానికి వచ్చాం. మొదటి తుఫాను హెచ్చరిక వచ్చేనాటికి సగంమందైనా ఉత్తీర్ణులు కాకపోతే పీతను వెనక్కి తేవాలి. “ఆ పీతకు ఏం తక్కువైందో నాకు తెలీదు” అని గొణుక్కుంటూ వెళ్ళారాయన. తనకు తెలియకుండానే చెయ్యి గిరగిరా తిప్పుకుంటున్నారు.

నమోదు 5

ఫిర్యాదులు. ఊరి సభకు, చిదంబరం గారికి, నాకు, చివరికి సారథికి కూడా. ‘నేను సరిగ్గానే లాగాను, ఎదుటివాడు లాగలేదు’ అని ప్రతి ఒక్కరూ రాశారు. ఎదుటివాళ్ళూ అదే రాశారు.

వరాలమ్మ గారు రాయలేదు. స్వయంగా వచ్చింది.

“సుభాషిణమ్మా, నువ్వు సదూకున్నదానివి. న్యాయం నువ్వే సెప్పు. ఆవిడగారు రెండు సేతులూ ఎత్తుద్ది. ఎత్తి ఆలోసిత్తాది. కొక్కెం ముందర ఆలోసనేటి? మొగుడితో సంప్రదించాలా?”

“మీరు ఆవిడ సంజ్ఞ చేసేదాకా ఆగాలి పిన్నిగారూ.”

“నేను ఆగనని ఎవరన్నారు? ఆగు సంజ్ఞ ఎన్నిసార్లు సూపించేనో నీ సారథి పెట్టినడుగు.”

అడిగాను. చూపించిందట. కొక్కెంతో సంబంధం లేకుండా వరసపెట్టి చూపించిందట. నూకరత్నం గారు పాపం చాలాసేపు ఆగి, పలక మూసేసి వంట చేసుకుందట.

సాయంత్రం చేపలు ఎండబెట్టే చోట నూకరత్నం గారు కలిసింది. ఆవిడ వలలు అల్లుతుంది. తొందరనేది ఎరగని మనిషి.

“అమ్మాయ్, మా వదినగారికి ఒక మాట సెప్తావా?” అంది వల మీంచి కళ్ళెత్తకుండా. “ఆవిడ ఆట మొదలవకుండానే లాగేత్తంది. పెళ్ళిలో పంతులుగారు మంత్రం సదవకుండానే అచ్చింతలేసిన మనిషి, నాకేం కొత్త కాదు గానీ.”

“మీరే చెప్పండి, ఎదురిల్లేగా.”

“మాకు మాటల్లేవు కదమ్మా” అంది, నేను మరిచిపోయానేమో అన్నట్టు దయగా.

నమోదు 6

సగం కాదు కదా, మూడోవంతు మంది కూడా ఉత్తీర్ణులు కాలేదు. వాతావరణ కేంద్రం దక్షిణాన వాయుగుండం అంటోంది. చిదంబరం గారు పీతను సిద్ధం చేయమని సారథికి చెప్పేశారు, నాకు చెప్పకుండా. సారథి నాకు చెప్పింది, మర్యాదగా.

నేను ఆయన గదికి వెళ్ళాను. “సార్, ఎవరు ఎన్నిసార్లు ప్రయత్నించారో కూడా చూడండి.”

“తప్పినవాళ్ళు ఎన్నిసార్లు తప్పితే ఏంటమ్మా?”

“మొదటివారం తప్పినవాళ్ళు చేతులు ఎక్కడెక్కడో తిప్పారు. ఇప్పుడు తప్పుతున్నవాళ్ళు ఒక్క రెప్పపాటుతో తప్పుతున్నారు.”

ఆయన తెర వంక చూస్తూ కూర్చున్నారు. అందరికన్నా ఎక్కువసార్లు తప్పినది వియ్యపురాళ్ళ జోడీ. రోజూ ఉదయం పచ్చడి పనికి ముందు, మధ్యాహ్నం వల పక్కన పెట్టి, సాయంత్రం మళ్ళీ. ఒక్కసారీ ఉత్తీర్ణులు కాలేదు.

“వీళ్ళెందుకు ఇంతలా ఆడుతున్నారు?” అన్నారు ఆశ్చర్యంగా.

“తప్పు ఎదుటివాళ్ళదని రుజువు చేయడానికి సార్. ప్రతిసారీ ఇద్దరి చేతులూ తిప్పి తిప్పి చూస్తున్నారు.”

ఆయన నవ్వలేదు. “నన్ను సభ అడిగేది ఒకే ఒక ప్రశ్న, సుభాషిణీ. ఎంతమంది పాసయ్యారు అని. నేనేం చెప్పను?”

 రేపటివరకు గడువు అడిగాను. ఇచ్చారు. ఆయన నిజంగా మంచివారు.

నమోదు 7

గడువు తీరనే లేదు. వాయుగుండం రాత్రికి రాత్రే బలపడి, మధ్యాహ్నానికల్లా తుఫాను మా మీదికి వచ్చింది.

హెచ్చరిక మోగేసరికి నేను ఇంట్లో ఉన్నాను. పరుగెత్తి మా దిమ్మె మూలకు వెళ్ళాను. అక్కడి మీట నాది. వాన మొహాన కొడుతుంటే కళ్ళు తెరవడం కష్టంగా ఉంది. పలకల్లో మేం పెట్టిన గాలిహోరు అసలుదాని ముందు పిల్లల ఊదుబూర. మనుషులు అరుస్తున్నారు, నోళ్ళు కదలడం కనిపిస్తోంది, మాట వినబడదు. చేతులు లేచాయి. అంచుల వెంబడి వరసగా, నాలుగు సంజ్ఞలే. సిద్ధం. లాగు. ఊడని చోట గిరగిరా తిప్పి, మళ్ళీ సిద్ధం. కొక్కేలు ఊడుతున్న దెబ్బలు నా కాళ్ళ కింద దిమ్మెలో తెలుస్తున్నాయి.

నా మూల నుంచి వియ్యపురాళ్ళ అంచు కనిపిస్తుంది. ఇద్దరూ చీర కొంగులు నడుముకు బిగించి నిలబడ్డారు. మధ్యన అల లేచినప్పుడల్లా ఒకరికొకరు కనబడకుండా పోతున్నారు. నూకరత్నం గారు రెండు చేతులూ ఎత్తింది. అప్పుడే పెద్ద అల ఒకటి లేచింది. వరాలమ్మ గారికి ఆవిడ కనబడే దారి లేదు. ఆగు అని అరిచాను, అరిచిన మాట నాకే వినబడలేదు. వరాలమ్మ గారు లాగేసింది.

అల దిగింది. అవతలి మీట కూడా కిందికే ఉంది. నూకరత్నం గారు దాని మీద ఒళ్ళంతా ఆనించి వాలి ఉంది. కొక్కెం ఊడింది. నాలుగో దిమ్మె మెల్లగా దూరం జరిగింది. వెళ్తూ వెళ్తూ నూకరత్నం గారు చెయ్యెత్తి ఏదో సంజ్ఞ చేసింది. అది మా నాలుగింట్లోదీ కాదు.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సంతోషంతో చప్పట్లు కొట్టబోతుంటే నా మీట గుర్తొచ్చింది.

మా కొక్కేనికి అవతల ఉన్నది కార్యాలయం దిమ్మె. అవతలి మీట చిదంబరం గారిది.

ఆయన వచ్చారు. తడిసి ముద్దై, కళ్ళజోడు లేకుండా, మీట పట్టుకుని నిలబడ్డారు. నేను రెండు చేతులూ ఎత్తాను. ఆయన కూడా ఎత్తారు, నమస్కారం పెట్టడానికి. పిడికిలి కోసం ఆగాను. ఆయన నావంక చూసి, అటూ ఇటూ చూసి, లాగేశారు. బిగుసుకుంది. చెయ్యి గిరగిరా తిప్పాను. ఆయన వెనక ఏముందోనని వెనక్కి తిరిగి చూశారు.

కృత్యాన్ని ఎంచినదాన్ని నేను. ఆమోదించింది ఆయన. ఇద్దరం కలిసి ఒక్కసారి కూడా చేయలేదు. అధికారులకు మినహాయింపు అని మేమే రాసుకున్నాం.

మళ్ళీ ఎత్తాను, మళ్ళీ ఆగాను. ఈసారి అల ఆగలేదు. మిగతా కొక్కేలన్నీ ఊడిపోయి, రెండు దిమ్మెల బరువూ మా ఒక్కదాని మీద పడింది. ఇనుము చీరుకుపోయిన చప్పుడు మాత్రం గాలిలో కూడా వినిపించింది. ఆయన చేతిలోని మీట ఎగిరి మణికట్టుకు తగిలింది. కార్యాలయం వసారా, మా వంటింటి బయటిగోడ, నా పొయ్యి సముద్రంలోకి వెళ్ళాయి. ఆయన నేల మీద పడి స్తంభాన్ని కౌగిలించుకోవడం చూశాను. తరవాత వాన తప్ప ఏమీ కనబడలేదు.

నమోదు 8

ఎవరూ పోలేదు. ముందు అది రాయాలి.

దిమ్మెలన్నీ మళ్ళీ దగ్గరికి చేరాయి. ఊరి మొత్తంలో చీరుకుపోయిన కొక్కెం ఒక్కటే. సారథి లోపలికి ఉప్పునీళ్ళు వెళ్ళాయి, ఎండలో ఆరబెట్టారు. అది మర్యాదగా ఆరుతోంది. సభవాళ్ళు ఆ ఒక్క కొక్కెం ఎవరిదని అడిగితే చిదంబరం గారు లేచి నిలబడి, “నాదీ, సుభాషిణిదీ” అన్నారట. ఎంతమంది పాసయ్యారని ఆ రోజు ఎవరూ అడగలేదట.

చెదిరిన జాడీలు ఏరుకుంటున్న వరాలమ్మ గారిని అడిగాను, కనబడకుండా ఎలా లాగారని.

“కనబడ్డం ఎందుకే? ఆవిడ సేతులెత్తేక ఒక్క గుక్క ఊపిరి పీల్సుకుని గానీ లాగదు. అన్నిసార్లు సూసేను కదా. అందుకే ఆగేను గానీ, సగం గుక్క కాడే సెయ్యాగక లాగేసేను. అయినా సంజ్ఞ రాకుండా లాగేను కదా, తప్పేనంటావా?”

అవతల నూకరత్నం గారిని అడిగాను. “ఆవిడ సంజ్ఞ దాకా ఆగుద్దేటమ్మా? ఆగదు. అందుకే ఈసారి నేను నిండా ఊపిరి పీల్సుకోలేదు. సగం పీల్సి లాగేసేను.”

ఇద్దరూ చెరో సగం సర్దుకున్నారన్నమాట. ఇంకా మాటల్లేవు. కానీ ఈ ఉదయం మనవడి చేత ఒక చిన్న పచ్చడి జాడీ నాలుగో దిమ్మెకు వెళ్ళింది. ఉప్పు ఎక్కువైందని కబురు తిరిగి వచ్చింది.

సాయంత్రం చిదంబరం గారు చేతికి కట్టుతో మా గోడలేని వంటింట్లోకి వచ్చారు. రెండు పలకలు తెచ్చారు. “మన ఇద్దరికీ ఆ కృత్యం ఇంకా మిగిలి ఉంది కదమ్మా” అన్నారు. పలక ఒకటి నాకిచ్చి, తనది ఒళ్ళో పెట్టుకుని, విరగని చెయ్యి ఒక్కటే ఎత్తి సిద్ధం అన్నారు.

తప్పాం. మళ్ళీ తప్పాం. గోడ లేదు కనుక వరాలమ్మ గారు తన గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉంది. “సారూ, మొగుడూ పెళ్ళాల్లాగా ఎవరి దారిన ఆళ్ళు లాగుతున్నారు” అని ఉత్సాహపరిచింది.

పలక మా చేతులను పక్కపక్కన చూపించింది. చిదంబరం గారు కళ్ళజోడు లేక పలకను మొహానికి ఆనించుకుని చూశారు. తిప్పి తిప్పి చూశారు.

“అమ్మా సుభాషిణీ, నువ్వు సంజ్ఞ సరిగ్గా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని గానీ లాగవు. ప్రతిసారీ అంతే. నీకు తెలుసా?”

“తెలియదు సార్.”

నిజంగానే తెలియదు. ఊరంతా ఎలా లాగుతుందో చూస్తూ కూర్చున్నదాన్ని, నా చెయ్యి నేనెప్పుడూ చూసుకోలేదు.

“మరి నేను?” అన్నారు కొంచెం భయంగా.

“మీరు లాగే ముందు అటూ ఇటూ చూస్తారు సార్. ఎవరైనా చూస్తున్నారా అని.”

 పలక మళ్ళీ ఒళ్ళోకి సర్దుకున్నారు. వరాలమ్మ గారు ఏదో అంది, ఆయన తల తిప్పలేదు. నా కళ్ళలోకే చూస్తూ చెయ్యెత్తారు.

నేనూ ఎత్తాను.